ఏ బొమ్మ దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు?

నెల్లూరు నుంచి పెళ్ళయి పాండిచ్చేరి వచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం మేట్టుపాళయం ఇండస్ట్రియల్ ఎస్టేటులో, అట్టపెట్టెలు చేసే కంపెనీలో. చుట్టూ అందరూ అరవమే మాట్లాడుతుంటే నోరు కట్టేసినట్టుండేది. ఒకరోజు కంపెనీ వ్యానులో నేను మా అమ్మతో ఫోను మాట్లాడుతుంటే పక్కన కూర్చున్నామె చెవి ఇటు పడేసి వింటా ఉంది. ఫోను పెట్టేయగానే, "ఏమ్మే, తెలుగామెవా నువ్వు? యాడ మీది?" అనింది.

ఆమే ఎన్. పంకజవల్లి. డిస్పాచ్ సెక్షన్లో కంప్యూటర్ ఆపరేటరు. వాళ్ళది ఎప్పుడో తాతల తాతల కాలంలో వచ్చి ఇక్కడ భూములు కొనుక్కుని నిలబడిపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగే, కానీ అందులో సగం అరవం. తెలుగు చదవడం, రాయడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు. ఆరోజు నుంచి నేను ఆమెకు 'నెల్లూరమ్మ'ని, ఆమె నాకు పంకజక్క.

అప్పటికి ఆమెకు నలభై దగ్గర పడుతోంది. ముత్యాలపేటలో ఇల్లు. భర్త ముకుందన్‌కి స్కూటరు సామాన్ల కొట్టు ఉంది. తల్లి మీనాంబాళ్ వీళ్ళ దగ్గరే ఉండేది. పిల్లలు లేరు. దాని గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు. పొద్దున్నే జడలో మల్లెపూలు పెట్టుకుని, టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని, వ్యాను కిటికీలోంచి కనబడిన ప్రతి బోర్డూ పైకి చదువుకుంటూ వచ్చే మనిషి. ఇలాంటామె ఊరంతా మాట్లాడుకునే పని ఒకటి చేస్తుందని ఆ వ్యానులో ఎవరూ అనుకుని ఉండరు.

2005 ఎండాకాలం. శనివారం కంపెనీ ఒంటిపూటే. ఇద్దరం నెహ్రూ వీధిలో దుప్పట్లు కొనుక్కుని, గాలి కోసం సముద్రం వైపు నడిచాం. కాలవ దాటితే ఫ్రెంచివాళ్ళ కాలం నాటి వీధులు. పసుపు గోడలు, గోడల మీద కాగితప్పూల తీగలు. ఒక ఇంటి తలుపు బార్లా తీసి ఉంది, పక్కన బొమ్మల ఎగ్జిబిషన్ అని బోర్డు. లోపల చల్లగా, చీకటిగా ఉన్నట్టుంది. నేను పట్టించుకోకుండా నడుస్తున్నా. వెనక్కి చూస్తే ఆమె గేటు దగ్గరే ఆగి ఉంది.

"అక్కా, అది మనకు కాదులే. టికెట్టు ఉంటుందేమో. ఇంగ్లీషులో ఏమన్నా అడుగుతారు" అన్నాను.

"అడగనీ. మనమే ముందు అడుగుదాం." గేటు దగ్గర పెద్ద మీసాల వాచ్‌మన్ ఒకాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ని అరవంలో అడిగింది, లోపలికి పోవచ్చా అని.

ఆయన స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "పోండమ్మా, ఎవరైనా పోవచ్చు. ఎవరూ రారు, అంతే."

లోపల నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినబడింది. ఒక చుట్టు చుట్టేసి వచ్చేశాను. పంకజక్క మాత్రం ఒక చిన్న బొమ్మ ముందు నిలబడిపోయింది. మేడ మీద దండెం, దాని మీద ఆరేసిన ఒకే ఒక చీర, వెనక ఆకాశం. అంతే. నేను రెండో చుట్టు వేసొచ్చినా ఆమె అక్కడే ఉంది.

బయటికొచ్చే దోవలో ఒక పుస్తకం పెట్టారు, వచ్చినవాళ్ళు అభిప్రాయం రాయడానికి. పేజీల నిండా 'వెరీ నైస్', 'బ్యూటిఫుల్', కింద సంతకాలు. ఆమె పెన్ను పట్టుకుని కాసేపు నిలబడి, ఏమీ రాయకుండా పెన్ను పెట్టేసింది.

బస్టాపులో అనింది: "ఇన్నేండ్లు ఆ వీదిలో నడస్తా ఉండాను. ఆ తలుపు నాది గాదనుకున్నా నెల్లూరమ్మా. ఎవురూ పోవద్దని చెప్పలేదు. నేనే అనుకున్నా." కొంచెం ఆగి, "ఆ చీర చూస్తే నాకు ఏదో అయింది. ఏందో చెప్పేదానికి మాట రాలేదు" అంది.

ఆ తర్వాత నెలల్లో శనివారాలు ఆమెకు వేరే పని లేకుండా పోయింది. ఊళ్ళో ఎక్కడెక్కడ బొమ్మలు పెడతారో వెతికి చూసొచ్చేది. చిన్నవీ పెద్దవీ కలిపి చాలానే ఉన్నాయి, కానీ ఎప్పుడు ఏది తెరుస్తారో మామూలు జనానికి తెలిసే దారి లేదు. "దీనికి ఒక వెబ్‌సైటు చేస్తా" అని ఒకరోజు వ్యానులో చెప్పింది. నేను నవ్వాను. ఆమెకు వచ్చింది ఇన్వాయిస్‌లు కొట్టడం. వెబ్ పేజీ ఎలా చేస్తారో నాకు తెలియదు, ఆమెకూ తెలియదు.

కానీ నేర్చుకుంది. పాత పుస్తకాల అంగట్లో అట్ట ఊడిపోయిన హెచ్‌టీఎంఎల్ పుస్తకం ఒకటి పట్టుకొచ్చింది. మధ్యాహ్నం అన్నం తింటూ చదివేది. సాయంత్రం ముత్యాలపేట బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని చేసి చూసేది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవి, ఫోటోలు తలకిందులయ్యేవి, ఒకసారి పేజీ మొత్తం ఆకుపచ్చగా అయిపోయింది, ఏం చేసినా మారలేదు. "పచ్చగానే ఉండనీ, చూస్తాంటే చేనుమాదిరి ఉండాది" అని నాలుగు రోజులు అలాగే ఉంచింది. 2006 మొదట్లో, ఉచితంగా చోటిచ్చే ఒక విదేశీ కంపెనీ దగ్గర, ఆమె సైటు బయటికొచ్చింది. పేరు 'ఉళ్ళే పోలామా', అంటే 'లోపలికి పోదామా' అని.

అందులో ఆమె రాసినవి ఏ పేపర్లోనూ కనబడని సంగతులు. తమిళంలో, ఇంగ్లీషులో రెండింట్లోనూ రాసేది. ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది: "టికెట్టు లేదు. చెప్పులు విప్పనక్కర్లేదు. బొమ్మ కొనమని ఎవరూ అడగరు. మెట్లు ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద హాలు చూసి వచ్చేయవచ్చు, మంచివన్నీ కిందే ఉన్నాయి. కూర్చోవడానికి బల్ల ఉంది. వాచ్‌మన్ నటేశన్ గారి మీసాలు చూసి భయపడకండి, అడిగితే చల్లటి నీళ్ళిస్తారు."

ప్రతి పేజీ కింద, చూసినవాళ్ళు రాయడానికి చోటు పెట్టింది. 'ఎలా ఉంది?' అని ప్రశ్న. జవాబులు రాక రాక వచ్చాయి. వచ్చినవన్నీ 'సూపర్', 'నైస్'. ఆమెకు దిగులైంది.

"మన ప్రశ్నలోనే ఉండాది తప్పు" అంది ఒకరోజు. "ఎట్లుంది అంటే బాగుండాది అంటారు. పెండ్లి బోజనం గురించి అడిగినట్లు. ఇంకెవురైనా ఏం చెప్తారు?"

వారం తర్వాత ప్రశ్న మార్చింది. 'ఏ బొమ్మ దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు? ఎందుకు?'

ఇంటర్నెట్టులో రాసేవాళ్ళు ఎటూ తక్కువే కాబట్టి, ఆదివారాలు తనే గేటు బయట నిలబడి, చూసి వచ్చేవాళ్ళను ఇదే అడిగేది. ఎండ ఎక్కువని ముకుందన్ అంగట్లోంచి ఒక మడత కుర్చీ తెచ్చి గేటు పక్కన వేసిపోయేవాడు. ఆయనకు ఈ పని అర్థమయ్యేది కాదు, కానీ భార్య ఎండలో నిలబడటం మాత్రం ఇష్టం లేదు.

జనం ఎంత బాగా చెప్పారో! ఖాళీ వంటిల్లు గీసిన బొమ్మ దగ్గర నిలబడ్డానని ఒక నర్సు చెప్పింది: "అందులో ఎవరూ లేరు. నన్ను పిలిచేవాళ్ళు కూడా లేరు." వానలో తడుస్తున్న వీధి బొమ్మ గురించి ఒక ఆటో డ్రైవరు, "ఈ రోడ్డు మీద ఒక్క హారను కూడా వినబడలేదమ్మా" అన్నాడు. ఫ్రెంచి మిలిటరీలో పనిచేసి పెన్షన్ తీసుకుంటున్న ముసలాయన ఒకరు ఫ్రెంచిలో తప్ప చెప్పనన్నారు. ఆయన చేతే కాగితం మీద రాయించుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అక్షరాల నెత్తిన ఉన్న గీతలతో సహా చూసి చూసి టైపు కొట్టింది. "ఆయన మాట ఆయన మాదిరే ఉండాల" అనేది.

అదే ఏడాది చివర్లో ఊరి పేరు పుదుచ్చేరి అని మారింది. ఆమె ఒక్కో పేజీ తెరిచి, పేరు ఉన్న చోటల్లా దిద్దుకుంటూ పోయింది. జనం రాసిన మాటల్లో మాత్రం పాండిచ్చేరి అని ఉంటే ముట్టుకోలేదు.

2007లో దినకరన్ గారి ప్రదర్శన వచ్చింది. ఆయన ఊళ్ళో పేరున్న చిత్రకారుడు, పెద్దాయన. నటేశన్ కాపలా కాసే ఆ పసుపు గోడల ఇంట్లోనే పెట్టారు. ఆరోజు పంకజక్క తల్లిని కూడా తీసుకొచ్చింది, నేనూ వెళ్ళాను. హాలు మధ్యలో గోడంత బొమ్మ. కురుచికుప్పం ఇసుకలో నిలబడిన ఒక చేపలమ్మే ఆమె, నెత్తి మీద గంప, వెనక పడవలు, మిట్టమధ్యాహ్నపు ఎండ. వచ్చినవాళ్ళంతా రంగుల గురించి చెప్పుకుంటున్నారు.

మీనాంబాళ్ ఆ బొమ్మ ముందుకొచ్చి ఆగింది. మేం మిగతావన్నీ చూసి వచ్చినా కదల్లేదు.

పంకజక్కకు సంతోషమైంది. "ఏందిమా, ఇంతసేపు నిలబడినావు? ఏం చూస్తాండావు?"

"కాళ్ళు" అంది ముసలామె. "ఈయమ్మ కాళ్ళ యేళ్ళు చూడు, ఎట్ట ముడుచుకోనుండాయో. కాలతాంది పావం. ఎండలో వుత్తకాళ్ళతో నిలబెట్టి గీసినాడు. ఒక జత చెప్పులన్నా ఏసుకోమని చెప్పకూడదా, పాపాత్ముడు!"

ఆ మాటల్ని తమిళంలో, ఇంగ్లీషులో పెట్టింది పంకజక్క. తల్లి తెలుగులో చెప్పింది కాబట్టి తెలుగూ ఉండాలంది. బ్రౌజింగ్ సెంటరు కంప్యూటర్లలో తెలుగు పెడితే గళ్ళు గళ్ళుగా కనబడేది. అందుకని నా చేత తెల్లకాగితం మీద గుండ్రంగా రాయించి, దాన్ని స్కాన్ చేసి బొమ్మలాగా పెట్టింది. 'పాపాత్ముడు' రాసేటప్పుడు నా చెయ్యి ఆగింది. "ఇది తీసేద్దామా అక్కా?" అన్నాను. "ఆమె అనింది గదా" అంది.

మూడోరోజు ఆ గ్యాలరీ చూసుకునే ఆర్తి మేడం నుంచి ఫోను. అంత పెద్ద ఆర్టిస్టుని ఇలా తిడతారా, ఆ మాటలు వెంటనే తీసేయండి, లేకపోతే మా గేటు దగ్గర మీరు నిలబడటానికి వీల్లేదు అని. తర్వాత, అప్పటిదాకా ఆమెకు ప్రదర్శనల వివరాలు పంపే ఇంకో రెండు గ్యాలరీలు కూడా పంపడం మానేశాయి. ఆదివారం ఆమె మామూలుగా వెళితే నటేశన్ తల దించుకుని, "మేడం చెప్పిందమ్మా, నేనేం చేసేది" అన్నాడు. ఆమె కుర్చీ మడిచి తిరిగొచ్చేసింది.

"మనకెందుకీ తలనొప్పి? ఒక్క మాట తీసేస్తే అయిపోతుంది గదా" అన్నాడు ముకుందన్. కోపంగా కాదు, ఆమె ముఖం చూడలేక.

ఆమె వంటింట్లో తల్లి పక్కన కూర్చుని అడిగింది. "ఏమ్మా, తీసేద్దునా?"

"నేను చెప్పింది అబద్దమైతే తీసెయ్" అంది మీనాంబాళ్, మునక్కాయలు తరుగుతూ.

పంకజక్క ఇంకోసారి వెళ్ళింది. గేటు దగ్గర నిలబడకూడదన్నారు గానీ చూడకూడదని ఎవరూ అనలేదు. ఆ బొమ్మ ముందు వంగి కాళ్ళ వేళ్ళు చూసింది. నిజంగానే ముడుచుకుని ఉన్నాయి, మడమలు కొంచెం పైకి లేచి ఉన్నాయి. ఇంటికొచ్చి ఆర్తి మేడంకి ఫోను చేసింది. "బొమ్మలో ఉండేదే మా అమ్మ చూసింది మేడం. చూసింది చెప్పింది. నేను తీసేయను. సార్‌కి చెప్పాల్సింది ఏమన్నా ఉంటే, ఆయన మాట కూడా అక్కడే పెడతాను."

గ్యాలరీలన్నీ మొహం చాటేస్తే సైటులో పెట్టడానికి ఏముంటుంది? చేసిందంతా ఇక్కడితో ఆగిపోతుందేమోనని భయపడింది. కానీ తీయలేదు.

ఒక ఆదివారం పొద్దున వాళ్ళింట్లో ఇడ్లీలు తింటున్నాం. వాకిట్లో స్కూటరు ఆగింది. తెల్లగడ్డం, ఖద్దరు చొక్కా. దినకరన్ గారే. పంకజక్క చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ముకుందన్ కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు.

"ఆ కాళ్ళ గురించి చెప్పినామె ఎవరు?" అన్నాడు అరవంలో.

మీనాంబాళ్ ముందుకొచ్చింది. "నేనే. ఏం?" తనకొచ్చిన అరవంలోనే అడిగింది.

"అమ్మా, ఆ వేళ్ళు నేను కావాలనే అలా గీశాను. ఎండ రంగుల్లో అందరూ చూపిస్తారు. నాకు ఆమె కాళ్ళలో చూపించాలనిపించింది."

"అయితే కనబడింది గదా! ఇంకేం?" అంది ముసలామె.

ఆయన గట్టిగా నవ్వేశాడు. అప్పుడు కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా బొమ్మలు పెడుతున్నాననీ, వచ్చినవాళ్ళు రంగులు బాగున్నాయి, పడవలు బాగున్నాయి అని పోతారే తప్ప ఆ కాళ్ళ దగ్గరికి ఒక్కరూ రాలేదనీ చెప్పాడు. "మీ అమ్మాయి పేజీలో ఆ మాట చదివి రాత్రంతా ఎంత సంతోషపడ్డానో. తీసేయమని చెప్పింది నేను కాదు. ఆ సంగతే నాకు నిన్నటిదాకా తెలియదు."

మీనాంబాళ్ కాఫీ తెచ్చిచ్చింది. గ్లాసు ఆయన చేతికందిస్తూ, "సరే, అదంతా బాగుండాది. ఆయమ్మకి చెప్పులు కొనిచ్చినావా లేదా?" అంది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "లేదమ్మా" అన్నాడు.

"కొనియ్యి."

కురుచికుప్పంలో ఆ చేపలమ్మే ఆమె, పేరు కనగం, కొత్త చెప్పులు వేసుకుని తిరిగిందని ఆ తర్వాత పంకజక్కే చెప్పింది. ఇసుకలో నడిచేదానికి ఇవి అడ్డం అని చేత్తో పట్టుకుని తిరిగేదట. దినకరన్ గారు తన జవాబును తనే రాసిచ్చారు, దాన్ని పంకజక్క మీనాంబాళ్ మాటల కిందే పెట్టింది. ఆ పేజీని ఎంతమంది చదివారో, ఎక్కడెక్కడి నుంచి రాశారో! ఆర్తి మేడం ఒకరోజు ఫోను చేసి, క్షమించమని అడగలేదు గానీ, గేటు బయట ఎందుకు, లోపల వరండాలో ఫ్యాను కింద కూర్చోండి అంది. పంకజక్కకు అది చాలు.

తర్వాత రెండేళ్ళలో సైటు పెద్దదైంది. ఊళ్ళో ఎవరు బొమ్మలు పెట్టినా ముందు ఆమెకు కబురు వచ్చేది. ఆదివారాలు గ్యాలరీల్లో కొత్త మొహాలు కనబడేవి. దర్జీలు, టీచర్లు, మేట్టుపాళయం గోడౌన్లలో మూటలు మోసేవాళ్ళు, పెళ్ళాం పిల్లలతో. నటేశన్‌కి కూర్చునే తీరిక లేకుండా పోయింది. అందరికీ నీళ్ళిచ్చీ ఇచ్చీ ఒక కుండ సరిపోక ఇంకో కుండ పెట్టుకున్నాడు.

2009లో ఆ విదేశీ కంపెనీ తన ఉచిత సేవ మూసేస్తున్నట్టు చెప్పింది. పంకజక్క కంగారు పడలేదు. సాయంత్రాలు బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని ఒక్కో పేజీ సీడీల్లోకి దించుకుంది. నర్సు మాటలు, ఆటో డ్రైవరు మాటలు, ఫ్రెంచి తాత గీతలు, నా గుండ్రటి రాత, అన్నీ. కాలాపేట యూనివర్సిటీలో చదివే పిల్లలు కొందరు ఆ సైటుకు కొత్త చోటు చూపించారు. పాత రూపం బాగాలేదు, మార్చేద్దాం అన్నారు. "రూపం మార్చుకోండి. మాటలు మాత్రం ఎవరు ఎట్ట చెప్పినారో అట్టనే ఉండాల. తప్పులు దిద్దేది వద్దు" అంది. వాళ్ళు ఒప్పుకున్నారు.

ఆ ఏడాదే ఒక గ్యాలరీవాళ్ళు ఆమెకు ఉద్యోగం ఇస్తామన్నారు. ఏసీ గది, కంపెనీలో కన్నా మంచి జీతం. నేనైతే ఎగిరి గంతేసి ఒప్పుకుందును. ఆమె ఒక రాత్రి ఆలోచించుకుని వద్దంది.

"ఎందుకక్కా?" అని అడిగాను వ్యానులో.

"వాళ్ళ కూడు తింటా, వాళ్ళ మెట్లెక్కితే మోకాళ్ళు నొస్తాయని ఎట్ట రాసేది?" అంది, కిటికీలోంచి బోర్డులు చదువుకుంటూ.

ఆమె గురించి తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమేస్తుంది. ఆమె బొమ్మలు గీయలేదు. బొమ్మల గురించి చదువుకోలేదు. జనాన్ని సరైన ప్రశ్న అడిగి, వాళ్ళు చెప్పేదాకా ఓపిగ్గా నిలబడింది, చెప్పినదాన్ని మార్చకుండా కాపాడింది. చూడటానికి చిన్న పనే. అంతకు ముందు అది ఈ ఊళ్ళో ఎవరూ చేయలేదు.

మొన్న ఆదివారం ఇద్దరం కాలాపేట వెళ్ళే బస్సెక్కాం. ఈసారి యూనివర్సిటీ పిల్లలు రంగుల బొమ్మలు కాకుండా పాత ఇనుప సామాన్లతో ఏవో చేసి మైదానంలో నిలబెట్టారట.

"ఇనుం బొమ్మలు ఎట్ట చూడాల్నో నాకు తెలీదు నెల్లూరమ్మా" అంది, సీట్లో సర్దుకు కూర్చుంటూ. "చుట్టూ తిరిగి చూడాలంట. వెనకాల కూడా ఉంటాదంట బొమ్మ."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో ఉత్సాహం చూసి, సముద్రం వైపు కిటికీ సీటు ఆమెకే ఇచ్చాను. బస్సు తూర్పు తీరం రోడ్డెక్కింది.